ఎడమ చేతికి అనుమతి లేదు

అందరూ ఆమెని డబ్బాలక్క అంటారు. టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేము డబ్బాలు బాగుచేస్తుంది కాబట్టి ఆ పేరు. అవి కూడా ఒకే కంపెనీవి. వేరే కంపెనీ డబ్బా ఎవరైనా పట్టుకొస్తే, "ఇది మా ఇంటి పిల్ల కాదు, ఇంకెక్కడైనా చూపించుకోండి" అని పంపేస్తుంది. ఆ కంపెనీ ఇప్పటికి అయిదు తరాల డబ్బాలు తీసింది. అయిదింటి కడుపులూ తెరిచి చూసిన మనిషి ఆమె. కంపెనీలో మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకుని తిరిగేవాళ్ళలో అలాంటివాళ్ళు ఎందరున్నారో వేళ్ళమీద లెక్కపెట్టినా వేళ్ళు మిగులుతాయి.

ఆమె షాపు ఒక మేడ మెట్ల కింద గది. సగం ఆమెది, సగం ఆమె మొగుడు టైలరుది. ఇటునుంచి సోల్డరింగ్ పొగ, అటునుంచి ఇస్త్రీ ఆవిరి. ఎత్తుగా ఉన్నవాళ్ళు లోపలికి రావాలంటే మెట్టుకి తల తగలకుండా వంగాలి. మరిచిపోయి తగిలించుకున్నవాళ్ళకి టైలరు చల్లటి కత్తెర నుదుటికి ఆనించి పంపిస్తాడు.

ఆమెకి ఈ పని నేర్పింది మేనమామ. ఆయనకి రేడియోలు బాగుచేసే కొట్టుండేది. ఆమెకి పన్నెండేళ్ళప్పుడు మొదటి డబ్బా ఆ కొట్టుకొచ్చింది. మూతకి మామూలు ప్లస్ స్క్రూలు నాలుగు. మూత తీస్తే లోపలివైపు ఏ తీగ ఎక్కడికి పోతుందో గీసిన కాగితం అంటించి ఉంది. మావయ్య ఆ కాగితం చూసి మురిసిపోయాడు. "చూశావటే, ఎంత మర్యాదస్తులో! ఇంటికొచ్చినవాడికి వంటిల్లు కూడా చూపిస్తున్నారు" అన్నాడు. డబ్బాలో దోపే క్యాసెట్ ఆడకపోతే అందరూ దాన్ని నోటితో ఊదేవాళ్ళు. మావయ్య ఒప్పుకునేవాడు కాదు. "ఊదితే తడి తగిలి రాగి పాడైపోతుంది, పెన్సిల్ రబ్బరుతో రుద్దు" అనేవాడు. ఆమె చేసిన మొదటి రిపేరు అదే, రబ్బరుతో రుద్దడం. డబ్బా ఆడింది. ఆ రోజు ఆమెకి అన్నం సయించలేదు, అంత సంతోషం.

రెండో డబ్బా వచ్చేసరికి కాగితం మాయమైంది. స్క్రూలకి నక్షత్రం ఆకారం తల పెట్టి, దాని మధ్యలో చిన్న మొటిమ పెట్టారు. దానికి పట్టే స్క్రూడ్రైవరు బజారులో దొరకదు. కావాలనే దొరకదు. మావయ్య బాల్‌పెన్ను గొట్టాన్ని దీపం మీద మెత్తబడేదాకా కాల్చి, స్క్రూ తలమీద అదిమి, చల్లారాక తిప్పాడు. తిరిగింది. "వంటింటి తలుపు వేసేశారే" అన్నాడు. అప్పటికింకా నవ్వుతూనే అన్నాడు.

మూడోదానికి క్యాసెట్లు పోయి డిస్కులొచ్చాయి. మూత అంచున ఒక స్టిక్కరు కూడా వచ్చింది, 'చింపితే గ్యారంటీ పోతుంది' అని. చింపకుండా ఊడదీయాలంటే వెచ్చని ఇస్త్రీపెట్టె కాసేపు ఆనించాలి. ఇస్త్రీపెట్టె కోసం ఆమె పక్క కొట్టు టైలరు దగ్గరికి వెళ్ళేది. నెలలో పదిసార్లు వెళ్ళింది. పదకొండోసారి ఆయన, "ఇస్త్రీపెట్టె ఒక్కటే అయితే ఇచ్చేయనా, నన్ను కూడా కలిపి తీసుకెళ్తావా?" అని అడిగాడు. ఆ రకంగా కంపెనీ స్టిక్కరు వల్ల ప్రపంచంలో ఒక్క మంచి పని జరిగింది.

నాలుగోదానికి ఇంటర్నెట్ తీగ వచ్చింది. కొన్న డిస్కులో ఆట సగమే ఉండేది, మిగతా సగం తీగలోంచి రావాలి. అయిదోదానికి డిస్కు పెట్టే సందే తీసేశారు. స్క్రూ కూడా లేదు, మూతని జిగురుతో అంటించేశారు. డబ్బు పెట్టి ఆట కొంటే ఆట నీది కాదు, ఆడుకోడానికి అనుమతి మాత్రం నీది. లోపలి బోర్డూ, కరెంటు పెట్టే ముక్కా, చేత్తో పట్టుకునే జాయ్‌స్టిక్కూ ఒకదాన్నొకటి రహస్య నంబరు అడుగుతాయి. నంబరు నచ్చకపోతే డబ్బా పలకదు.

"నేను కుట్టిన చొక్కా, మనిషి లావైతే విప్పి వదులు చేస్తాను" అన్నాడు టైలరు ఒకరోజు. "మీ కంపెనీవాడు చొక్కాకి సరిపడా మనిషిని తెచ్చుకోమంటాడే!"

"మా కంపెనీ ఏంటండీ? నాకేమైనా జీతమిస్తున్నాడా?" అని ఆమె గయ్యిమంది.

ఇన్ని జరిగినా ఆమె ఒక పద్ధతి మానలేదు. బాగుచేసిన డబ్బాని ఊరికే ఇచ్చేయదు. ఇంటర్నెట్‌కి కలిపి, కంపెనీ పంపిన కొత్త అప్‌డేట్లన్నీ ఎక్కించి, తన జాయ్‌స్టిక్‌తో గంటసేపు తనే ఆడి చూసి అప్పుడిస్తుంది. మిగతా కొట్లవాళ్ళు దీపం వెలిగితే చాలనుకుంటారు. ఆమెకి అది నామోషీ. ఆ పద్ధతే ఆమెని ముంచింది.

హారన్ బాబాయ్ ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు నడిపాడు. మలుపు ఉన్నా లేకపోయినా హారన్ కొట్టేవాడు, డిపోలో ఆ పేరు పెట్టారు. ఒకరోజు రోడ్డు పక్కన టైరు మారుస్తుంటే వెనకనుంచి లారీ వచ్చి గుద్దింది. ప్రాణం దక్కింది గానీ కుడి భుజం దగ్గర నరం తెగింది. చొక్కాలో చెయ్యి ఉంది, ఆ చేతిలో ఆయన లేడు. ఉద్యోగం పోయింది. ఆరు నెలలు గోడకేసి చూస్తూ పడుకున్నాడు. డిపో విశ్రాంతి గదిలో పాత స్నేహితులు ముగ్గురు గేము డబ్బా మీద బస్సుల పందెం ఆడతారని తెలిసి, డబ్బాలక్క దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, ఒంటిచేత్తో బండి నడిపేలా ఏదైనా చేసిపెట్టగలవా?"

నెల రోజులు పట్టింది. చెక్కపలక మీద ఎడమ చేతికి అందేలా తిప్పే పిడి, బొటనవేలి కింద నాలుగు పెద్ద బటన్లు. కాళ్ళకి టైలరు పాత కుట్టుమిషన్ల పెడళ్ళు రెండు, ఒకటి యాక్సిలరేటరు, ఒకటి బ్రేకు. నాలుగో డబ్బాకి అది చక్కగా పనిచేసింది. అయిదో డబ్బా వచ్చాక డబ్బాకీ పలకకీ మధ్యలో రహస్య నంబరుకి బదులు చెప్పే చిన్న ముక్క తగిలిస్తే దానికీ పనిచేసింది. అప్పటినుంచి రోజూ నాలుగింటికి, డిపోలో షిఫ్టు మారే వేళకి, ఆయన తన ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో వాళ్ళతో పందెంలో దిగేవాడు. రోజుకి ఒక గంట ఆయన మళ్ళీ డ్రైవరు.

ఈ ఏడాది అయిదు డిపోల మధ్య పోటీ పెట్టారు. జట్టుకి నలుగురు. ఆ ఆటకో నియమముంది. వారం రోజులు ఒక్కసారి కూడా దిగకపోతే జట్టులోంచి పేరు దానంతటదే పోతుంది, మళ్ళీ చేర్చడం కుదరదు.

సోమవారం ఉదయం ఆయన డబ్బా ఫ్యాను గరగరమంటోందని తెచ్చాడు. ఆమె జిగురు కరిగించి, మూత తీసి, ఫ్యాను మార్చింది. అప్‌డేట్ ఎక్కించింది. గంట ఆడి చూసింది. నిక్షేపంలా ఉంది. పట్టుకెళ్ళాడు.

మంగళవారం ఆమె కొట్టు తెరిచేసరికి ఆయన మెట్టుమీద కూర్చుని ఉన్నాడు. పక్కన చెక్కపలక.

"అమ్మాయ్, నా బండి తాళాలు ఎవరి చేతిలో పెట్టావ్?"

"ఏమైంది బాబాయ్?"

"నిన్న నాలుగింటికి కూర్చున్నాను. 'ఈ పరికరానికి అనుమతి లేదు' అని తెరమీద పడింది. నా పెళ్ళాం కూడా ఎప్పుడూ నన్ను ఇంత మర్యాదగా గెంటలేదు."

ఆమె డబ్బా తగిలించి చూసింది. నిజమే. కంపెనీ జాయ్‌స్టిక్ పెడితే ఆడుతుంది. చెక్కపలక పెడితే గెంటేస్తుంది. నిన్న ఆమె తన చేత్తో ఎక్కించిన అప్‌డేట్‌లో ఉంది ఈ తాళం, కంపెనీవి కాని జాయ్‌స్టిక్కులేవీ ఇకమీద చెల్లవని. వెనక్కి తీయడానికి దారి లేదు. ఆమె డబ్బాని గంటసేపు పరీక్షించింది గానీ, దానిమీద ఆడే మనిషి ఏ చేత్తో ఆడతాడో మర్చిపోయింది. తన రెండు చేతుల్తో ఆడి, బాగుందనుకుంది.

"నేనే బాబాయ్" అంది. "నేనే చేశాను."

"నువ్వు బాగుచేశావు. పాడుచేసింది వాడు" అన్నాడు ఆయన. కానీ ఆమె మొహంలోకి చూడలేదు.

"ఆదివారందాకా టైముంది కదా?"

"ఆదివారం నాలుగింటికి దిగకపోతే నేను మళ్ళీ గోడే చూసుకోవాలి."

బుధవారం ఇద్దరూ కంపెనీ సర్వీసు సెంటరుకెళ్ళారు. అద్దాల తలుపు, చలి గది, గోడనిండా నవ్వే మొహాల ఫొటోలు. టోకెను తీసుకుని గంటన్నర కూర్చున్నాక ఒక కుర్రాఫీసరు పిలిచాడు. చెక్కపలకని వేలితో కూడా ముట్టుకోకుండా చూశాడు.

"ఇది మా వస్తువు కాదు మేడమ్."

"కాదు, నేను చేసింది. దీనికి అనుమతి నంబరు ఇవ్వండి."

"ఫ్యాక్టరీలకే ఇస్తాం మేడమ్. వ్యక్తులకి ఇవ్వం."

"అయితే ఒంటిచేత్తో ఆడేది మీరే అమ్మండి. కొనుక్కుంటాం."

అతను ఉత్సాహంగా గోడవైపు చూపించాడు. "మా దగ్గర పద్నాలుగు రకాలున్నాయి."

పద్నాలుగూ ఒకటే. రంగులు వేరు. ఎరుపు, నీలం, పసుపు, పాములచర్మం చారలది ఒకటి. పద్నాలుగింటికీ రెండు చేతులు కావాలి. పాముకే చేతుల్లేవు, దాని చర్మం పేరు పెట్టిన జాయ్‌స్టిక్‌కి మాత్రం రెండు చేతులు కావాలి! ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"పోనీ సార్" అన్నాడు కుర్రాఫీసరు, గొప్ప ఉపాయం తట్టినట్టు, "ఇంట్లోవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, కుడివైపు బటన్లు వాళ్ళని నొక్కమనొచ్చు కదా?"

బాబాయ్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "అంటే స్టీరింగు నేను, బ్రేకు కండక్టరూనా? నువ్వెక్కుతావా నాయనా అలాంటి బస్సు?"

టోకెన్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. డబ్బాలక్క లేచింది. గది మధ్యలో చూపించడానికి పెట్టిన డబ్బా ఉంది, పెద్ద టీవీతో సహా.

"బాబూ, నీ కుడిచెయ్యి జేబులో పెట్టుకో. ఎడమచేత్తో ఒక్క చుట్టు తిప్పు. తిప్పితే మేం నోరు మూసుకుని పోతాం."

అతను నవ్వి, జనం చూస్తున్నారు కదా అని ఒప్పుకున్నాడు. మొదటి మలుపులోనే బండి గోడకి కొట్టింది. రెండోసారి కూడా. మూడోసారి వెనక్కి నడిచింది. ఎవరో ఫోను తీసి వీడియో తీస్తున్నారు. అతను చెవులదాకా ఎర్రబడి జాయ్‌స్టిక్ కింద పెట్టాడు.

"పాలసీ మేడమ్. నా చేతిలో ఏముంది?"

"నీ చేతుల్లో రెండు చేతులున్నాయి!" అని అరిచింది. చేతుల్లో చేతులేంటని ఎవరూ అడగలేదు. అందరికీ అర్థమైంది. "మా మావయ్యకి వంటిల్లు చూపించిన కంపెనీ మీది. ఇవాళ గుమ్మంలో నిలబెట్టి చేతులు లెక్కపెడుతున్నారు. మీ అనుమతి మీ దగ్గరే ఉంచుకోండి!"

సంచిలోంచి తన సొంత జాయ్‌స్టిక్ తీసి, ఆ కౌంటరు మీదే స్క్రూడ్రైవరుతో పెళ్ళగించడం మొదలుపెట్టింది. లోపలున్న అసలు బోర్డుకి రహస్య నంబరుంది కదా, దాన్ని పీకి చెక్కపలకలో పెడితే డబ్బా తనవాడే అనుకుంటుంది. ఆలోచన సరైనదే. చెయ్యే సరిగ్గా లేదు, కోపంతో వణుకుతోంది.

"మేడమ్, గ్యారంటీ పోతుంది!"

"పోనీ!"

ఫట్‌మంది. జిగురుతోపాటు బోర్డుమీది రాగి గీతలు కూడా లేచొచ్చాయి. ఇక అది పనికిరాదు. ముప్పై అయిదేళ్ళ పనిలో ఆమె ఎవరి వస్తువునీ అలా చింపలేదు. గుమ్మం దగ్గరుండే కాపలాయన వచ్చి, "అమ్మా, బయటికి నడవండి, నా ఉద్యోగం పోతుంది" అని మెల్లగా అన్నాడు. నడిచారు.

షాపుకొచ్చాక టైలరు సంగతంతా విన్నాడు. చొక్కా మార్చుకుని బయటికెళ్ళి, గంట తరవాత అట్టపెట్టెతో తిరిగొచ్చాడు.

"ఎక్కడిది?"

"అక్కడిదే. నన్ను గెంటలేదుగా వాళ్ళు. ఎరుపే ఉందట, మిగతా రంగులు అయిపోయాయట."

"వాడు చేసిన తాళానికి మళ్ళీ వాడి దగ్గరే తాళంచెవి కొన్నారా?" అని ఆమె తల పట్టుకుంది. "సిగ్గులేని డబ్బు అది."

"తిట్టడం ఆదివారం సాయంత్రం తిట్టు. ఇప్పుడు పని చూడు. కోపంగా ఉన్నప్పుడు నేను గుడ్డమీద కత్తెర పెట్టను. నువ్వెందుకు పెట్టావ్?"

ఆ మాట గట్టిగా తగిలింది. గురువారం ఆమె ఏమీ ముట్టుకోలేదు. చేతులు కుదుటపడేదాకా కూర్చుంది. రిపేరుకి వచ్చినవాళ్ళని సోమవారం రమ్మంది. శుక్రవారం ఆ ఎర్ర జాయ్‌స్టిక్‌కి ఇస్త్రీపెట్టెని తక్కువ వేడితో ఆనించి, మధ్యలో నాలుగు మడతల గుడ్డ వేసి, జిగురు దానంతటదే వదిలేదాకా ఆగింది. ఈసారి బోర్డు చెక్కుచెదరకుండా వచ్చింది. పిడికీ, బటన్లకీ, పెడళ్ళకీ కలిపి బోర్డుమీద పదకొండు సోల్డరు చుక్కలు. ఒక్కో చుక్కకీ వెంట్రుకంత తీగ అతకాలి. రెండు చుక్కల మధ్య సందు బియ్యపుగింజలో సగం లేదు. భూతద్దం కింద ఊపిరి బిగబట్టి అతికేది, బయటికొచ్చి ఊపిరి తీసుకునేది. శనివారం సాయంత్రానికి తొమ్మిదయ్యాయి. మిగిలిన రెండూ ఆదివారం మధ్యాహ్నానికి పూర్తయ్యాయి.

మూడున్నరకి బాబాయ్ ఇంటికి చేరారు. ఒకటే గది. మంచం, టీవీ, గోడకి పాత డ్రైవరు యూనిఫాం తగిలించి ఉంది. ఆయన భార్య పిన్ని కుర్చీలు జరిపి, పెడళ్ళు జారకుండా కింద గోనెసంచి పరిచింది. తీగ తగిలించారు. తెర నల్లగా ఉంది. ఎవరూ ఎవరి మొహం చూడలేదు.

తెర వెలిగింది. 'స్వాగతం' అంది. ఎర్రరంగు జాయ్‌స్టిక్ బొమ్మ చూపించి, రెండు చేతులతో పట్టుకోండి అని సలహా కూడా ఇచ్చింది.

"నీ మొహం" అంది పిన్ని, తెరతో.

నాలుగింటికి టీవీలోంచి డిపో గోల వినిపించింది. "ఏరా హారన్, బతికున్నావా? నీ సీటు తుడిచి పెట్టాం రా!"

"తుడిచారా, అమ్మేశారా? నమ్మకం లేదు మీమీద" అని ఆయన బండి కదిల్చాడు. పందెంలో మూడోవాడిగా వచ్చాడు. పేరు జట్టులో నిలిచింది. డబ్బాలక్క తలుపు బయటికెళ్ళి కొంగుతో మొహం ఒత్తుకుంది. ఏడ్చిందంటే ఒప్పుకోదు, వారం రోజుల సోల్డరింగ్ పొగ అంటుంది.

ఇంతటితో అయిపోతే బాగుండేది. కంపెనీ అవనివ్వలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆ కుర్రాఫీసరు ఆమె షాపుకొచ్చాడు. మెట్టుకి తల తగిలించుకున్నాడు. వెంట కెమెరా మనిషి. సర్వీసు సెంటర్లో ఎవరో తీసిన వీడియో లక్షలమంది చూశారట.

"పైవాళ్ళకి చాలా నచ్చింది మేడమ్. సార్‌ని మా ప్రకటనలో పెడతారట. 'అందరి చేతుల్లో మన డబ్బా' అని."

"ఆ వీడియోలో నువ్వు గోడకి గుద్దావు కదయ్యా. అది కూడా నచ్చిందా?"

"ఆ ముక్క తీసేస్తారు మేడమ్."

"మరి చెక్కపలకకి అనుమతి ఇస్తారా?"

"అది వేరే విభాగం."

ఆమె సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టింది. తనే తిట్టి పంపేసేదే. కానీ అడుగుతున్నది ఆమె మొహం కాదు, బాబాయ్ మొహం. "ఆయన్నే అడుగు, పద" అని తీసుకెళ్ళింది.

నాలుగూ పది. బాబాయ్ పందెంలో ఉన్నాడు. తల తిప్పకుండానే అంతా విన్నాడు.

"నాయనా, ఒక్క మాట. వచ్చే అప్‌డేట్‌లో నా పలక పనిచేస్తుందని కాగితం మీద రాసిస్తావా?"

"అది నేను చెప్పలేను సార్."

"మీ పైవాళ్ళు?"

"వాళ్ళూ చెప్పరు సార్. కానీ ఫొటో తీసుకుంటే మంచి బహుమతి..."

"అంటే ఈయన చచ్చుబడిన చెయ్యి మీ పోస్టరుకి కావాలి" అంది డబ్బాలక్క. గొంతు పెంచలేదు, అందుకే విన్నవాళ్ళకి ఇంకా భయమేసింది. "పనిచేసే చెయ్యి మాత్రం మీ డబ్బాకి అక్కర్లేదు. అంతేగా?"

కెమెరా మనిషి కెమెరాకి మూత పెట్టేశాడు. కుర్రాఫీసరు సంచిలోంచి ఒక సమ్మతి ఫారం తీసి, పెన్ను పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమని రాయను సార్? 'సమ్మతం' అని ఒక గడి ఉంది. 'తరవాత ఆలోచిస్తాను' అని ఒకటుంది. కుదరదు అనడానికి గడి లేదు."

"గడి లేకపోతే అంచుమీద రాయి" అన్నాడు బాబాయ్. "కారణం కూడా రాయి. పొట్టిగా వద్దు, అమ్మాయి చెబుతుంది, మొత్తం రాసుకో. రాసుకుంటూ కాస్త పక్కకి జరుగు నాయనా, టీవీకి అడ్డమొస్తున్నావ్. మలుపు."